షార్ట్‌హ్యాండ్ ఈ వయసులో పట్టుబడుతుందా?

ప్రశ్న: నాకు అరవై ఒకటి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. విద్యానగర్‌లో ఉంటాం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో సాహిత్య సభ ఉందంటే తప్పకుండా వెళ్తాను. అవధానాలంటే మరీ ఇష్టం. వక్తలు చెప్పే మంచి మాటలు రాసుకుందామంటే చెయ్యి అందుకోదు. ఒక వాక్యం రాసేలోపు మూడు వాక్యాలు వెళ్లిపోతాయి. కుర్రతనంలో టైపు లోయర్ పాసయ్యాను గానీ, గీతల గుర్తులతో వేగంగా రాసే షార్ట్‌హ్యాండ్ జోలికి పోలేదు. ఇప్పుడు సరదాగా నేర్చుకోవాలని ఉంది. మా అబ్బాయి ‘ఫోన్‌లో రికార్డు చేసుకోక ఈ తంటా ఎందుకు నాన్నా’ అంటున్నాడు. ఈ వయసులో వస్తుందా? ఇంగ్లీషులో నేర్చుకోవాలా, తెలుగులోనా? ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాలా, సొంతంగా కుదురుతుందా? మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటోంది. ఇద్దరం కలిసి మొదలుపెట్టవచ్చా?

సమాధానం: వస్తుందండీ. టైపు లోయర్ పాసైన చేతికి, ఏళ్ల తరబడి బ్యాంకు లెడ్జర్లు చూసిన కంటికి ఇది అందని విద్యేమీ కాదు. కుర్రవాళ్ల కన్నా మీకు నాలుగు రోజులు ఎక్కువ పట్టవచ్చు, అంతే. పైగా వాళ్లకుండే టెన్షన్ మీకు లేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనో పరీక్షకు కూర్చునే పిల్లలు గ్రేడ్ డికి నిమిషానికి 80 మాటలు, గ్రేడ్ సికి 100 మాటల వేగంతో పది నిమిషాలు ఏకబిగిన డిక్టేషన్ తీసుకోవాలి. తర్వాత దాన్ని కంప్యూటర్ మీద టైపు చేసివ్వాలి. గ్రేడ్ డి ఇంగ్లీషుకైతే అందుకు 50 నిమిషాలు ఇస్తారు. ఆపైన తప్పుల లెక్క. మీకు ఆ బాధలేవీ లేవు. మామూలుగా చేత్తో రాస్తే నిమిషానికి ఇరవై ముప్పై మాటలకు మించి సాగదు. దాన్ని రెట్టింపు చేసుకోగలిగితే చాలు, సభలో మీకు నచ్చిన మాట జారిపోకుండా పట్టుకోవచ్చు.

అందుకే వేగం సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే: రాయడం కన్నా ముందు చదవడం నేర్చుకోండి. నేను స్టెనోగా పని చేసిన రోజుల్లో వేగంగా రాసేవాళ్లకు కొదవ ఉండేది కాదు. వారం కిందటి నోట్స్ తీసి తడుముకోకుండా చదివేవాళ్లు మాత్రం తక్కువ. ఆఫీసులో అలాంటివాళ్ల కోసమే వెతుక్కునేవారు. మీరు రాసుకునేదంతా ఎప్పుడో తీరిగ్గా చదువుకోవడానికే కాబట్టి మీకు ఆ గుణం ఇంకా ఎక్కువ అవసరం.

మీ అబ్బాయి చెప్పింది తీసిపారేసే మాట కాదు. రికార్డు చేయండి, దానితో వేరే ఉపయోగం ఉంది, తర్వాత చెబుతాను. కానీ రెండు గంటల సభ రికార్డు చేస్తే మళ్లీ వినడానికి రెండు గంటలు కావాలి. చాలామంది ఫోన్లలో సభలు అలా పడి ఉన్నాయి, విన్నవాళ్లు లేరు. షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న నాలుగు పేజీలైతే కాఫీ తాగేలోపు చదివేయవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. రాస్తున్నవారు వినే తీరే వేరు. వక్త వాక్యం ఎటు తిరుగుతోందో, క్రియ ఎక్కడ పడుతుందో చెవి ముందే కనిపెడుతూ ఉంటుంది. సాహిత్యం ఇష్టపడే మనిషికి ఆ వినికిడే పెద్ద ఆనందం.

ఇక విద్య సంగతి. మన దగ్గర ఇన్‌స్టిట్యూట్లలో నేర్పేది పిట్‌మన్ పద్ధతి. ఐజక్ పిట్‌మన్ అనే ఇంగ్లండ్ బడిపంతులు 1837లో దీన్ని అచ్చు వేయించాడు. స్పెల్లింగ్ వదిలేసి చెవికి వినిపించిన ధ్వనినే రాయడం దీని మూలసూత్రం. ‘నైఫ్’ మొదట్లో కె రాయకూడదు, ‘లాఫ్’ చివర ఎఫ్ ధ్వని రాయాలి. ఇంగ్లీషు స్పెల్లింగ్‌కే అలవాటుపడ్డ చేతికి ఇది కొత్తగా ఉంటుంది. పలికినట్టు రాయడం మనకు పలక పట్టిననాటి అలవాటే.

ఇంకో సంగతి చెబితే మీరు సంతోషిస్తారు. బళ్లో సంధులు నేర్చుకున్నప్పుడు క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని వల్లె వేశాం కదా! పిట్‌మన్ పద్ధతి నిలబడింది ఆ జతల మీదే. ప, బ లకు ఒకే గీత. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి ఏటవాలుగా జారుతుంది. సన్నగా గీస్తే ప, కాస్త ఒత్తితే బ. నిలువు గీత సన్నగా ఉంటే ట, లావుగా ఉంటే డ. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి దిగేది చ, ఒత్తితే జ. అడ్డగీత క, ఒత్తితే గ. పరుషానికి సన్న గీత, సరళానికి లావు గీత అన్నమాట. సరళాదేశ సంధి చదువుకున్న మీకు ఈ పట్టిక ఒక్క పూటలో నోటికి వచ్చేస్తుంది.

అచ్చులకు చుక్కలు, చిన్న చిన్న గీట్లు ఉంటాయి. హల్లు గీత మొదట్లో, మధ్యలో, చివర అని వాటికి మూడు చోట్లు. ఏ అచ్చుది ఏ చోటో గుర్తుండటానికి పాతకాలం నుంచి ఒక వాక్యం చెప్పిస్తారు: దట్ పెన్ ఇజ్ నాట్ మచ్ గుడ్. హ్రస్వాలు ఆరూ అందులో వరసగా ఉన్నాయి. దీర్ఘాలకు ‘పా మే వీ ఆల్ గో టూ’. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని వదిలేసినవాళ్లు కూడా ఈ రెండు వాక్యాలు మర్చిపోరు.

చెయ్యి తిరిగాక ఈ చుక్కలు చాలావరకు పెట్టరు. మరి చదవడం ఎలా? మనం రాసిన గీత, కాగితం మీద ముందే ఉన్న రూలుకు ఎక్కడ పడిందో చూసి. ఒక పెన్సిలు, గీతల కాగితం తీసుకుని ఇప్పుడే రాసి చూడండి. టాక్, టేక్, టీక్ అనే మూడు ఇంగ్లీషు మాటలు. మూడింటికీ ఆకారం ఒకటే: ఒక నిలువు గీత, అది ఆగిన చోటి నుంచే కుడికి ఒక అడ్డగీత. మొదటి మాటలో నిలువు గీత రూలును తాకకుండా పైనే ఆగిపోతుంది. రెండో మాటలో రూలు మీద నిలబడుతుంది. మూడో మాటలో రూలును కోసుకుంటూ కిందికి దిగుతుంది. అచ్చు ఒక్కటీ రాయలేదు, అయినా మూడు మాటలూ విడివిడిగా చదవగలుగుతున్నారు. ఇది మొదటిసారి కంటికి తట్టినప్పుడు కలిగే సంతోషానికే చాలామంది ఈ విద్యలో ఉండిపోయారని నా నమ్మకం.

మిగిలినవి ఒక్కొక్క పాఠంలో వస్తాయి. గీతను సగానికి తగ్గిస్తే ట గానీ డ గానీ చేరినట్టు. రెట్టింపు చేస్తే టర్, డర్ లాంటివి చేరినట్టు. చిన్న సున్నా చుడితే స. చివర పెద్ద కొక్కెం వేస్తే ‘నేషన్’, ‘స్టేషన్’ లలోని షన్. ఇవన్నీ ఒకేసారి చూసి బెంబేలు పడనక్కర్లేదు.

పెన్సిలుతోనే మొదలుపెట్టండి, హెచ్‌బీ సరిపోతుంది. బాల్‌పెన్‌కూ జెల్‌పెన్‌కూ సన్నం, లావు తేడా రాదు. కొత్తవాళ్లు లావు గీత కోసం మొన విరిగేటట్టు ఒత్తుతారు. చేయవలసింది సన్న గీతను ఇంకా తేలిక చేయడం. పెన్సిలు కాగితానికి ఆనీ ఆననట్టు పోతుంటే కొద్దిపాటి ఒత్తిడి కూడా కంటికి తెలుస్తుంది, చెయ్యీ నొప్పెట్టదు. నోట్‌బుక్ పై అంచున స్పైరల్ ఉన్నది తీసుకోండి. రాస్తూ ఉండగానే ఎడమచేతి వేళ్లతో పేజీ అడుగు అంచును పట్టుకుని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ఉండాలి. చివరి లైనుకు వచ్చేసరికి పేజీ సగం లేచి ఉంటుంది, చటుక్కున తిరిగిపోతుంది. ఇలా ఒక వైపే రాసుకుంటూ వెళ్లి, పుస్తకం అయ్యాక తిరగేసి రెండో వైపు మొదలుపెడతారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, పేజీ తిప్పే దగ్గర పోయే మాటలే ఎక్కువ.

బాల్‌పెన్ వదలలేనంటే గ్రెగ్ పద్ధతి ఒకటుంది. జాన్ రాబర్ట్ గ్రెగ్ 1888లో తెచ్చాడు. అందులో లావు, సన్నం లేవు. గీత పొట్టిదైతే క, పొడుగైతే గ. అచ్చులు కూడా గీతలోనే కలిసిపోతాయి. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, అమెరికాలో బాగా వ్యాపించింది కూడా. కానీ హైదరాబాద్‌లో మీ పుస్తకం చూసి తప్పు దిద్దే మనిషి కావాలంటే పిట్‌మనే నేర్చుకోవాలి. నా ఓటు దానికే.

చదవడం ముందు అన్నాను కదా, ఎలాగో చెబుతాను. ప్రతి పాఠం చివర షార్ట్‌హ్యాండ్‌లోనే అచ్చయిన అభ్యాసం ఉంటుంది. దాన్ని రాయడానికి తొందరపడకండి, గట్టిగా చదవండి. ఆగిన మాట పక్కన చుక్క పెట్టి ముందుకు పోండి. అంతా అయ్యాక కీ (ఆ పాఠాలనే మామూలు అక్షరాల్లో ఇచ్చే పుస్తకం) చూసి ఆ చుక్కల సంగతి తేల్చుకోండి. మళ్లీ చదవండి. ఎక్కడా ఆగకుండా చదవగలిగిన రోజునే కాపీ మొదలుపెట్టండి, నోటితో మాట అంటూ, చేత్తో గీత గీస్తూ. సంగీతం నేర్చుకునేవారికి సరళీ స్వరాలు ఎలాగో మనకు ఈ కాపీ అలాగ. మర్నాడు పొద్దున పాఠ్యపుస్తకం మూసేసి మీ చేతిరాతనే చదవండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ గీత చెడిందన్నమాట. సగం గీత పూర్తి గీతంత సాగి ఉంటుంది, లేదా కొక్కెం కాస్తా సున్నా అయిపోయి ఉంటుంది. ఆ ఒక్క మాటను ఒక లైను నిండా రాసి వదిలేయండి. రోజుకు ముప్పావు గంట, గంట చాలు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటే మాత్రం ఇది ఒంటబట్టదు.

ఇంగ్లీషా, తెలుగా? మీ ప్రశ్నల్లో అసలైనది ఇదే, ఎందుకంటే మీరు వెళ్లే సభలు తెలుగువి. తెలుగు షార్ట్‌హ్యాండ్ ఉంది. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇంగ్లీషుతో పాటు తెలుగు షార్ట్‌హ్యాండ్‌కూ పరీక్షలు పెడుతుంది. అయినా ముందు ఇంగ్లీషు పిట్‌మన్ థియరీ, అంటే గుర్తుల నియమాలన్నీ, పూర్తి చేయమనే చెబుతాను. పుస్తకాలు, కీలు, చదువుకోవడానికి అచ్చయిన పాఠాలు, చెప్పే గురువులు ఇంగ్లీషుకు దొరికినంతగా తెలుగుకు దొరకరు. థియరీ చేతికొచ్చాక తెలుగు నేర్పేవారు దొరికితే అదృష్టం. ఆయన చెప్పిన గుర్తులే కళ్లకద్దుకుని పాటించండి. దొరక్కపోతే సొంత అవసరానికి కొన్ని సర్దుబాట్లు చేసుకోవచ్చు.

మొదటిది త, ద లు. ఇంగ్లీషులో ‘థింక్’, ‘దెన్’ మాటల మొదట వచ్చే ధ్వనులకు పిట్‌మన్‌లో నిలువుగా దిగే వంపు గీత ఉంది, సన్నది ఒకటి, లావుది ఒకటి. వాటిని మన త, ద లకు పెట్టుకోండి. నిలువు గీతను ట, డ లకే ఉంచండి. అప్పుడు పాట, బాట, తాత, దాత నాలుగూ దేనికది వేరుగా పడతాయి. ఒత్తక్షరాలకు వేరే గుర్తులు వద్దు. ‘భాష’ను ‘బాష’ అని రాసుకున్నా చదివేటప్పుడు ఎవరికీ సందేహం రాదు. ణ, ళ లకు కూడా న, ల చాలు. సాహిత్య సభలు కాబట్టి ‘కల’, ‘కళ’ తరచూ తగులుతాయి. అలాంటి రెండు మూడు మాటలకు కింద చిన్న గీటు పెట్టుకుంటే సరి.

రెండోది మాట చివరి అచ్చు. ఇంగ్లీషులో అచ్చులు వదిలేసినా నడిచిపోతుంది. తెలుగులో అన్ని చోట్లా నడవదు. వచ్చి, వచ్చే, వచ్చు: హల్లులు ఒకటే, అచ్చు మారితే వాక్యం మొత్తం మారిపోతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనే మాటలకు బెంగలేదు, హల్లులే తేడా చెబుతాయి. కాబట్టి మధ్యలో అచ్చులు ధైర్యంగా వదిలేయండి. చివరి అచ్చు మీద అర్థం ఆధారపడిన చోట మాత్రం చుక్క పెట్టండి. ఏది వదలాలో ఏది ఉంచాలో కొన్ని వారాల్లో చెవే చెబుతుంది.

మూడోది పొడుగు. ‘చెప్పవలసివచ్చినప్పుడు’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో అది నాలుగైదు మాటలు. అందుకని నిమిషానికి ఇన్ని మాటలు అనే ఇంగ్లీషు లెక్కతో తెలుగు వేగాన్ని కొలుచుకుని దిగులు పడకండి. మాట చివర పదేపదే వచ్చే ముక్కలకు, అంటే ‘తున్నారు’, ‘వలసిన’, ‘లేకపోతే’, ‘అయినప్పటికీ’ లాంటి వాటికి, ఒక్కొక్క చిన్న గుర్తు నిర్ణయించుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. ఒకసారి పెట్టుకున్న గుర్తును మళ్లీ మార్చకండి.

సభల భాషలో మీకు కలిసొచ్చేది ఒకటుంది. మన సభల్లో కొన్ని మాటలు ప్రతి రోజూ వస్తాయి. ‘వేదికను అలంకరించిన పెద్దలకు’, ‘ఈనాటి సభకు అధ్యక్షత వహిస్తున్న’, ‘ముఖ్య అతిథిగా విచ్చేసిన’, ‘ఆత్మీయ అతిథి’, ‘పుస్తకాన్ని ఆవిష్కరించి’, ‘ఈ సందర్భంగా’, ‘రెండు మాటలు చెప్పి’, ‘వందన సమర్పణ’. ఇంగ్లీషు ఆఫీసు ఉత్తరాల్లో ‘విత్ రెఫరెన్స్ టు యువర్ లెటర్’ను చెయ్యి ఎత్తకుండా ఒకే గీతగా రాసేవాళ్లం. మీరూ ఈ మాటలకు అలా కలిపి రాసే గీతలు కట్టుకోండి. వక్త ఆ పలకరింపులు చెబుతున్నంతసేపూ మీ చెయ్యి విశ్రాంతి తీసుకుంటుంది. అసలు విషయం మొదలయ్యేసరికి మీరు ఆయన కన్నా ముందుంటారు.

పేర్లతో జాగ్రత్త. వాటిని మామూలు అక్షరాల్లోనే రాయండి, సంవత్సరాలు అంకెల్లో వేయండి. ఆహ్వాన పత్రిక ముందే చేతికొస్తుంది కదా, అందులోని వక్తల పేర్లు నోట్‌బుక్ పై భాగంలో రాసుకుని ఒక్కొక్కరికి ఒక పొడి అక్షరం పెట్టుకుంటే ఎవరి మాట ఎవరిదో కలగలిసిపోదు.

అవధానం విషయం వేరే చెప్పాలి, అది మీకు ప్రాణం కాబట్టి. పద్యాన్ని షార్ట్‌హ్యాండ్‌లో రాయవద్దు. అచ్చులు వదిలేస్తే గురులఘువులు పోతాయి, గురులఘువులు పోతే పద్యమే పోతుంది. అదృష్టవశాత్తూ రాసుకునే వ్యవధి అవధానంలోనే ఉంది. సమస్యాపూరణం గానీ, ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపది గానీ, వర్ణన గానీ ఒక్కో ఆవృత్తికి (చుట్టుకు) ఒక్కో పాదమే వస్తుంది. నిషిద్ధాక్షరి అయితే అక్షరం వెంట అక్షరం. అవన్నీ నిండు అక్షరాల్లో రాసుకోవచ్చు. షార్ట్‌హ్యాండ్ బయటికి తీయాల్సింది అప్రస్తుత ప్రసంగం దగ్గర. పృచ్ఛకుడు ఒక కొంటె ప్రశ్న వేయడం, అవధాని తడుముకోకుండా జవాబివ్వడం, సభంతా నవ్వడం, అంతా రెప్పపాటులో అయిపోతుంది. ఇంటికెళ్లి చెబుదామంటే ప్రశ్న గుర్తుంటుంది, ఆ జవాబులోని విరుపు గుర్తుండదు. దాన్ని పట్టుకోవడానికి ఈ విద్యను మించింది లేదు.

ఆశువుగా చెప్పే పద్యం మాత్రం ఆగదు. అక్కడ తప్పనిసరై గీతల్లో రాసినా ఛందస్సు మీకు సాయం చేస్తుంది. వృత్తమో కందమో అయితే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ప్రాస హల్లు ఒకటే. ఒక పాదంలో అది స్పష్టంగా పడితే మిగిలిన మూడింట్లో ఏ గీత అనుమానంగా ఉన్నా తేలిపోతుంది. ఉత్పలమాల అయితే పదో అక్షరం దగ్గర, చంపకమాల అయితే పదకొండో అక్షరం దగ్గర, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు దగ్గర యతి చూసుకోండి. పాదం మొదటి అక్షరం తెలిస్తే అక్కడ ఏది రావచ్చో సగం తెలిసినట్టే. ఇక పృచ్ఛకులకు చెప్పిన పద్యాలను చివర్లో అవధాని ధారణలో, అంటే జ్ఞాపకం నుంచి, మళ్లీ వినిపిస్తారు. మీ ప్రతిని అప్పుడు సరిచూసుకోండి.

ఇన్‌స్టిట్యూటా, సొంతంగానా? పిట్‌మన్ పద్ధతి పుట్టిన మూడేళ్లకే దూరవిద్య అయింది. ఇంగ్లండులో 1840లో పెన్నీ పోస్టు వచ్చాక ఆయన పోస్టులోనే పాఠాలు పంపి, విద్యార్థులు రాసి పంపినవి దిద్ది తిప్పి పంపేవాడు. కాబట్టి సొంతంగా రాకపోవడమనేది లేదు. అయితే ‘దిద్ది’ అన్న ఆ మాట గమనించండి. మొదటి మూడు నెలలు ఎవరో ఒకరు మీ గీతలు చూడాలి. ఏటవాలు ఎక్కువైందనీ, వంపు చాల్లేదనీ మన కంటికి మనకు తెలియదు. తప్పు గీత చేతికి అలవాటైపోతే తర్వాత మాన్పించడం కష్టం.

మీకు దగ్గర్లోనే నారాయణగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి వైపు, లేదంటే సికింద్రాబాద్‌లో వాకబు చేయండి. పాత టైప్ ఇన్‌స్టిట్యూట్లలో చాలావరకు కంప్యూటర్ సెంటర్లయ్యాయి. బోర్డు మీద షార్ట్‌హ్యాండ్ అని ఉన్నా ఇప్పటికీ నేర్పుతున్నారా, సారు రోజూ వస్తారా అని లోపలికి వెళ్లి అడగండి. ‘ఉద్యోగం కోసం కాదండీ, సరదాకి’ అని ముందే చెప్పేయండి. పిల్లల రద్దీ లేని మధ్యాహ్నం పూట బ్యాచ్ ఇస్తారేమో చూడండి. థియరీ అయ్యేదాకా, అంటే నాలుగైదు నెలలు వెళ్లి, ఆపైన ఇంట్లో సాధన చేసుకోవడం మీకు సరైన దారి అనిపిస్తోంది. ఇష్టముంటే లోయర్ పరీక్ష రాయండి. తేదీ ఒకటి ముందుంటే సాధన జరుగుతుంది.

పుస్తకం విషయంలో ఒక్క జాగ్రత్త. పిట్‌మన్‌లోనే తరాలున్నాయి. 1922లో వచ్చిన న్యూ ఎరా పద్ధతినే మన దగ్గర ఎక్కువగా నేర్పుతారు. 1975లో వచ్చిన పిట్‌మన్ 2000లో నియమాలు తగ్గించారు. రెండూ కలిపి చదివితే గందరగోళం. మీ గురువు ఏది చెబుతారో కనుక్కుని అదే తీసుకోండి, కీ కూడా ఉందో లేదో చూసుకోండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, కోఠీలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి చూడండి. కొనేముందు పేజీలు తిప్పండి. గీతల మీద ఎవరైనా పెన్నుతో దిద్ది ఉంటే ఆ ప్రతి వద్దు, సన్నం లావు తేడా పోయి ఉంటుంది.

థియరీ అయ్యాక డిక్టేషన్. ఇక్కడ మీ అబ్బాయి ఫోన్ పనికొస్తుంది. ఏదైనా వ్యాసం తీసుకుని పది మాటలకొక అడ్డగీటు పెట్టండి. పావు నిమిషానికి ఒక గీటు చొప్పున చదివితే నిమిషానికి 40 మాటలు. దాన్ని చదివి రికార్డు చేసుకోండి. 40 సాఫీగా అందుతోందంటే పదిహేను మాటలకొక గీటు పెట్టుకుని అరవైకి వెళ్లండి. ఒకే పాఠాన్ని నాలుగైదు సార్లు రాయండి, ప్రతిసారీ చివర చదవండి. చదవకుండా వదిలేసిన డిక్టేషన్ లెక్కలోకి రాదు. తర్వాత మీరు సభల్లో చేసుకున్న రికార్డింగులనే వేగం తగ్గించి పెట్టుకుని రాయవచ్చు.

మొదటిసారి సభకు నోట్‌బుక్ తీసుకెళ్లిన రోజు అంతా రాయాలని కూర్చోకండి. ప్రసంగాలు రాయడం మన దేశంలో పాత పనే. స్వాతంత్ర్యోద్యమ కాలంలో పోలీసు రిపోర్టర్లు నాయకుల ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవారు. రాజద్రోహం కేసుల్లో ఆ నోట్సే సాక్ష్యంగా వచ్చేవి. చట్టసభల్లో రిపోర్టర్లు వంతులవారీగా కొద్ది నిమిషాల చొప్పున రాస్తారు. ఒకరు లేచి వెళ్లి తాను రాసింది టైపు చేసుకుంటుంటే ఇంకొకరు కూర్చుంటారు. ఆరితేరినవాళ్లే అలా చేస్తున్నప్పుడు మీరొక్కరే రెండు గంటలూ రాయాలనుకోవడం అన్యాయం. ఒక్క వక్తను ఎంచుకోండి, నెమ్మదిగా మాట్లాడే పెద్దాయనను. మధ్యలో మాట పోతే కొంచెం జాగా వదిలి ముందుకు పోండి. పోయిన మాట కోసం ఆగితే తర్వాతి వాక్యం కూడా పోతుంది. ఆ రాత్రే, మాట ఇంకా చెవిలో ఉండగానే, నోట్స్ తీసి ఖాళీలు పూరించి తెలుగులో ఎత్తి రాసుకోండి.

ఇక మీ ఆవిడగారి విషయం. ఆమె నేర్చుకుంటాననడం మీ అదృష్టం, తప్పకుండా కలిసే మొదలుపెట్టండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాయడానికి ఇంట్లోనే మనిషి దొరికినట్టు. మీకు తెలిసిన గొంతు, మీ వీలునుబట్టి ఆగే గొంతు. ఒకటే పుస్తకం, ఒకటే పద్ధతి పెట్టుకోండి. సొంత గుర్తులు కూడా ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. వారానికొకసారి నోట్‌బుక్కులు మార్చుకుని, ఆమె రాసింది మీరు, మీరు రాసింది ఆమె చదవండి. మీ రాత మీకు ఎటూ జ్ఞాపకం మీద ఆధారపడి తెలిసిపోతుంది, ఇంకొకరికి తెలిసిందంటేనే గీత సరిగా పడినట్టు. ఆమె చదవలేని చోట వాదించకండి, ఆ మాటను మళ్లీ రాయండి.